ఇంగ్లిష్ పల్లెలో ఊరి కబురు పట్టుకోవడం ఎలా

ఇంగ్లండ్‌లో పల్లెటూళ్లో ఇల్లు తీసుకున్న మనవాళ్లు నాకు ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది ఒకటే. "ఇల్లు బాగుంది, తోట బాగుంది, కానీ ఇక్కడ ఏమీ జరగదండీ, ఎవరూ మాట్లాడరు." మా ఊరు సఫోక్ కౌంటీలో, స్టోమార్కెట్‌కి దగ్గర. ఒక చర్చి, ఒక పబ్, ఒక విలేజ్ హాల్, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని బస్సులు. ఇంత ఊళ్లోనూ జూన్ నెల వచ్చిందంటే ఏ శనివారం దేనికి వెళ్లాలో తేల్చుకోలేక టెన్షన్ పడతాను. జరగడం బాగానే జరుగుతుంది. మా తెనాలి వైపు పల్లెల్లోలాగా అరుగు మీద కూర్చుంటే కబురు దానంతటది నడిచి రాదు, అంతే. ఇక్కడ కబురు కాగితం మీద ఉంటుంది, లేకపోతే పని చేసుకుంటున్న ఇద్దరి మధ్య ఉంటుంది. రెండూ అందుకోవడం ఎలాగో చెప్తాను.

ముందు బోర్డు చదవండి

బస్ షెల్టర్ పక్కనో, హాలు గోడకో, చర్చి గేటు దగ్గరో అద్దం తలుపుతో చెక్క బోర్డు ఉంటుంది. చాలా ఊళ్లలో రెండు ఉంటాయి: ఒకటి పారిష్ కౌన్సిల్‌ది, ఒకటి చర్చిది. పేరులో పారిష్ ఉంది కదా అని కౌన్సిల్ కూడా చర్చిదే అనుకోకండి. పారిష్ కౌన్సిల్ అంటే మన పంచాయతీ లాంటిది, 1894 చట్టంతో వచ్చింది. చర్చి వ్యవహారాలు చూసుకునే కౌన్సిల్ వేరే ఉంది, దాని పేరు పరోకియల్ చర్చ్ కౌన్సిల్, అదీ పారిష్ అనే మాటకి దగ్గరదే. ఈ ఊళ్లోనే పుట్టినవాళ్లు కూడా ఒక్కోసారి తికమకపడతారు.

కౌన్సిల్ బోర్డు మీద చూడాల్సింది అజెండా. మీటింగ్‌కి కనీసం మూడు పూర్తి రోజుల ముందు దాన్ని ఊళ్లో అందరికీ కనబడే చోట పెట్టాలని చట్టం. కాగితం పెట్టిన రోజు, మీటింగ్ రోజు, ఆదివారాలు ఆ మూడులోకి రావు. నేను వాకింగ్‌కి వెళ్లినప్పుడు ఫోన్‌తో ఫోటో తీసుకుని ఇంటికొచ్చి తీరిగ్గా చదువుతాను. ప్లానింగ్, హైవేస్, ఫైనాన్స్ అనే మూడు తలకట్ల కింద చూస్తే చాలు, ఊళ్లో సగం సంగతి తెలుస్తుంది.

ఇంకో కాగితం దీపస్తంభానికో, గేటుకో ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంటుంది. అది ఇల్లు కట్టడానికో పెంచడానికో ఎవరో పెట్టుకున్న దరఖాస్తు నోటీసు. అది కనబడితే ఆగి చదవండి. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో చేరండి, కానీ దాన్నే ఊరు అనుకోవద్దు. తప్పిపోయిన పిల్లి, రాత్రి పదకొండింటికి వినబడ్డ ఢామ్ శబ్దం, ఎవరి కుక్క ఎక్కడ ఏం చేసింది, ఈ మూడింటికీ మాత్రం అంతకన్నా వేగంగా పనిచేసేది లేదు.

మ్యాగజైన్‌ని వెనక నుంచి చదవండి

నెలకోసారో, రెండు నెలలకోసారో పారిష్ మ్యాగజైన్ వస్తుంది. ఏ ఫోర్ కాగితాన్ని సగానికి మడిచి పిన్ను కొట్టిన పుస్తకం. ఊళ్లో ఎవరో ఒక పెద్దావిడ తన వీధి వరకు ఇంటింటి లెటర్ బాక్సులో వేసి వెళ్తుంది. చాలాచోట్ల చర్చి వాళ్లే నడుపుతారు, మొదటి పేజీలో వికార్ గారి, అంటే ఆ చర్చి ఫాదర్ గారి ఉత్తరం ఉంటుంది. మనం క్రైస్తవులమా కాదా అన్నదానితో పనిలేదు, ఇది ఊరి పత్రికే.

కొత్తవాళ్లు వెనక పేజీల నుంచి మొదలుపెట్టాలి. చిమ్నీ శుభ్రం చేసేవాడు, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసేవాడు, ఆయిల్ బాయిలర్ సర్వీసు చేసేవాడు, అందరి ప్రకటనలూ అక్కడే. పల్లెల్లో చాలా ఇళ్లకి గ్యాస్ పైపు రాదు, తోటలో ట్యాంకు పెట్టుకుని కిరోసిన్ పోయించుకుంటారు. ఊళ్లో కొందరు కలిసి ఒకేసారి ఆర్డరిస్తే ధర తగ్గుతుంది. ఆ జాబితాలో చేరాలంటే ఎవరిని అడగాలో కూడా ఈ పుస్తకంలోనే ఉంటుంది. మొబైల్ లైబ్రరీ ఎప్పుడొస్తుంది, ఫిష్ అండ్ చిప్స్ వ్యాన్ ఏ సాయంత్రం ఆగుతుంది, పోస్టాఫీసు వ్యాన్ వస్తుందా, ఇవన్నీ క్యాలెండర్ పేజీలో చూడండి. ఆ పేజీ చింపి ఫ్రిజ్ మీద అంటించండి.

మీరూ రాయండి. ఎడిటర్‌కి ఎప్పుడూ మ్యాటర్ కరువే. నెల మధ్యలో ఎక్కడో గడువు ఉంటుంది, అది దాటితే వచ్చే సంచికకే. వంద మాటలు మించకుండా ఏం జరుగుతోంది, వారం పేరుతో సహా తేదీ, టైము, చోటు, టికెట్ ఎంత, వచ్చిన డబ్బు దేనికి, ఇవి రాస్తే చాలు. చివర టీ, కేకు ఉన్నాయని చేర్చండి. ఉగాదికి హాలు అద్దెకి తీసుకుని ఊళ్లోవాళ్లని కూడా పిలవాలనుకుంటే ఇంతకన్నా మంచి దారి లేదు. అక్కడ మందు అమ్మాలనుకుంటే మాత్రం డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌కి కనీసం పది పనిదినాల ముందు టెంపరరీ ఈవెంట్ నోటీసు ఇవ్వాలి, ఫీజు 21 పౌండ్లు. హాలుకి లైసెన్సు ఉందేమో ముందు బుకింగ్ చూసే మనిషిని అడగండి. ఉంటే ఆ ఖర్చు తప్పవచ్చు.

కౌన్సిల్ మీటింగ్‌లో ఎలా కూర్చోవాలి, ఎప్పుడు మాట్లాడాలి

ఇంగ్లండ్‌లో ఇలాంటి పారిష్, టౌన్ కౌన్సిళ్లు దాదాపు 10,000 ఉన్నాయి. కౌన్సిలర్లకి జీతం లేదు. జీతం ఉండేది క్లర్క్‌కి, అదీ చాలా ఊళ్లలో వారానికి కొన్ని గంటల పనికే. మన సర్పంచ్‌ని ఊరంతా ఓటేసి ఎన్నుకుంటుంది. ఇక్కడ చైర్‌ని కౌన్సిలర్లే తమలోంచి ఎన్నుకుంటారు. డబ్బు మీ కౌన్సిల్ ట్యాక్స్‌లోంచే వస్తుంది. బిల్లు తీసి చూడండి, కౌంటీ, డిస్ట్రిక్ట్, పోలీసు వరసల కింద ఊరి పేరుతో ఒక చిన్న మొత్తం కనబడుతుంది. దాన్నే ప్రీసెప్ట్ అంటారు.

ముందు ఎవరి పని ఏదో తెలియాలి, లేకపోతే అందరి దగ్గరా తిరగడమే అవుతుంది. మా వైపు రోడ్డు గుంతలు, డ్రైనేజీ కాలవలు, స్కూళ్లు కౌంటీ చూస్తుంది. చెత్త బిన్లు, ఇళ్ల ప్లానింగ్ డిస్ట్రిక్ట్ చూస్తుంది. ఆటస్థలం, బెంచీలు, బస్ షెల్టర్, అలాట్‌మెంట్లు (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న మడులు), కుక్కల మలం వేసే డబ్బా పారిష్ కౌన్సిల్‌వి. అన్నీ ఒకే కౌన్సిల్ చూసే కౌంటీలు కూడా ఉన్నాయి కాబట్టి మీ దగ్గర ఏ పద్ధతో బిల్లు చూస్తే అర్థమవుతుంది. గుంత కనబడితే పారిష్ మీటింగ్ దాకా ఆగొద్దు. ఫోటో తీసి కౌంటీ వెబ్‌సైట్‌లోనో, ఫిక్స్‌మైస్ట్రీట్‌లోనో పెట్టండి. 2007 నుంచి నడుస్తున్న ఈ సైటు ఫిర్యాదు ఎవరికి వెళ్లాలో తనే చూసి పంపిస్తుంది.

మీటింగ్‌కి ఎవరైనా వెళ్లొచ్చు. వెళ్లి వెనక కుర్చీలో కూర్చోండి. మధ్యలో చెయ్యెత్తి మాట్లాడటానికి లేదు. ఊరివాళ్లు మాట్లాడటానికని అజెండాలో కాసేపు కేటాయిస్తారు, సాధారణంగా మొదట్లోనే. మా దగ్గర మనిషికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఒక్క సంగతి చెప్పి, ఒక్కటే అడగండి. "స్కూలు దగ్గర హెడ్జ్ పెరిగి పిల్లలు రోడ్డు మీదకి దిగి నడవాల్సి వస్తోంది, ఆ స్థలం యజమానికి క్లర్క్ ఉత్తరం రాయగలరా?" ఇలా. ముందురోజు క్లర్క్‌కి ఈమెయిల్ పెడితే ఇంకా మంచిది. అజెండాలో లేని విషయం మీద ఆ రాత్రి నిర్ణయం తీసుకోలేరు కాబట్టి "తర్వాతి మీటింగ్‌లో పెడతాం" అంటారు. అది తప్పించుకోవడం కాదు, పద్ధతే అంత.

చెషైర్‌లోని హాండ్‌ఫర్త్ పారిష్ కౌన్సిల్ జూమ్ మీటింగ్ వీడియో 2021 ఫిబ్రవరిలో దేశమంతా తిరిగింది, అరుపులు, మనుషుల్ని మీటింగ్‌లోంచి తీసేయడం. అలాంటి వినోదం కోసం వెళ్తే నిరాశపడతారు. మా దగ్గర అత్యధిక వేడి పుట్టించే అంశం పైన చెప్పిన కుక్కల డబ్బాయే.

ఏడాదికోసారి, మార్చి 1కి జూన్ 1కి మధ్య, ఊరి సభ ఒకటి వేరే జరుగుతుంది. అది కౌన్సిల్ మీటింగ్ కాదు, ఓటర్లందరి సభ, మన గ్రామసభ లాంటిది. అందులో ఎవరైనా మాట్లాడొచ్చు. బిస్కెట్లు, ఒక్కోసారి వైను కూడా ఉంటాయి. అయినా జనం తక్కువే వస్తారు కాబట్టి మీరొక్కరు వెళ్లినా అందరూ గమనిస్తారు. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి ఇంకో హక్కు ఉంది. కౌన్సిల్ ఖాతాలను ఏటా 30 పనిదినాల పాటు ఊరివాళ్లు చూడటానికి తెరిచి ఉంచాలి, జూలైలో మొదటి పది పనిదినాలు అందులో తప్పనిసరిగా ఉండాలి.

పక్కింటివాళ్ల ఎక్స్‌టెన్షన్

ప్లానింగ్ నోటీసు మీద అభిప్రాయం చెప్పడానికి మామూలుగా 21 రోజులు ఇస్తారు. పారిష్ కౌన్సిల్ తన అభిప్రాయం పంపుతుంది, కానీ నిర్ణయం డిస్ట్రిక్ట్‌ది. అందుకే మీ అభ్యంతరం నేరుగా డిస్ట్రిక్ట్ ప్లానింగ్ సైటులో పెట్టాలి. వాళ్ల కిటికీ మీ పడగ్గదిలోకి చూస్తుందా, మీ వంటింట్లో వెలుతురు పోతుందా, ఇరుకు రోడ్డు మీద కార్లు పెరుగుతాయా, ఇవి లెక్కలోకి వస్తాయి. మీ ఇంటి ధర పడిపోతుందని, పొలాల వ్యూ పోతుందని ఎంత బాధగా రాసినా లెక్కలోకి రావు. ఇంకోటి గుర్తుంచుకోండి: మీరు రాసింది అందరికీ కనబడుతుంది. పక్కింటాయన అదే రాత్రి చదువుతాడు. కాబట్టి ముందు తలుపు కొట్టి మాట్లాడి, తర్వాత రాయండి.

చేతిలో ఒక పని ఉండాలి

ఇప్పటిదాకా చెప్పింది కాగితం మీది కబురు. అసలు కబురు హాలు వంటింట్లో సింకు దగ్గర ఉంటుంది. కాఫీ మార్నింగ్ అయిపోయాక ఒకరు కప్పులు కడుగుతారు, ఒకరు తుడుస్తారు. పబ్ లీజు ఎప్పుడు అయిపోతోంది, ఎవరింట్లో ఎవరికి బాగోలేదు, బస్సు రూటు తీసేస్తారా, ఇవి బోర్డు మీదకి రాకముందే అక్కడ వినబడతాయి. ఎదురెదురుగా కూర్చోబెడితే వాతావరణం దాటని మనిషి చేతిలో టీ టవల్ పెడితే మనసు విప్పుతాడు. ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు, కానీ ప్రతిసారీ చూస్తున్నాను.

సాయం అడగడంలో, ఇవ్వడంలో ఇక్కడో పద్ధతి ఉంది. "ఏదైనా పని ఉంటే చెప్పండి" అంటే థాంక్స్ చెప్తారు, ఎప్పటికీ పిలవరు. "శనివారం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా ఖాళీ, టేబుళ్లు మోస్తాను" అనండి. వెంటనే మీ పేరు జాబితాలో ఎక్కుతుంది. వయసులో పెద్దవాళ్లని కూడా పేరుతోనే పిలవాలి. ఎనభై ఏళ్లావిడని పేరు పెట్టి పిలవడానికి మనకి నోరు రాదు, కానీ అంకుల్, ఆంటీ అంటే వాళ్లకి ఇబ్బంది. ఏడున్నరకి అంటే ఏడూ ఇరవై అయిదుకి అక్కడుండాలి. ఏ కమిటీ వార్షిక సమావేశానికైనా మొదటి ఏడాది వెనక వరసలోనే కూర్చోండి. ముందు వరసలో మొహమాటంగా నవ్వుతూ కూర్చుంటే ట్రెజరర్ అయిపోయి బయటికొస్తారు.

వేసవిలో ఫేట్ ఉంటుంది. చర్చికో స్కూలుకో హాలు పైకప్పుకో డబ్బు పోగుచేయడానికి పెట్టే చిన్న తిరునాళ్ల. చిల్లర తీసుకెళ్లండి. ఇక్కడ టాంబోలా అంటే మన హౌసీ ఆట కాదు, లాటరీ లాంటిది; టికెట్ నంబరు చివర సున్నా గానీ అయిదు గానీ వస్తే బహుమతి, అది పోయినేడు మీరే ఇచ్చిన స్నానం సబ్బుల డబ్బా కూడా కావచ్చు. తిండి ఇవ్వాలనుకుంటే పులిహోర, సమోసాలు నిమిషాల్లో అయిపోతాయి, కానీ పక్కన కార్డు మీద అందులో ఏమున్నాయో రాసి పెట్టండి. ఇక్కడి చట్టం గుర్తించిన 14 అలర్జీ పదార్థాల్లో వేరుశనగ, నువ్వులు, పాలు, గోధుమలతో పాటు ఆవాలు కూడా ఉన్నాయి. అంటే మన తాలింపు మొత్తం ఆ కార్డు మీదకి ఎక్కాల్సిందే.

సెప్టెంబర్ దగ్గరికొచ్చేసరికి ప్రొడ్యూస్ షో వస్తుంది, నాకు అన్నిటికన్నా ఇష్టం అదే. పెరట్లో పండించినవి, వంటింట్లో చేసినవి హాల్లో తెల్లకాగితం పరిచిన బల్లల మీద పెడతారు, బయటి ఊరి నుంచి జడ్జి వస్తాడు. ముందు షెడ్యూల్ పుస్తకం కొని, రూల్స్‌ని పరీక్షకి చదివినట్టు చదవాలి. అయిదు టొమాటోలంటే అయిదే, తొడిమలు ఊడకూడదు. ఉల్లిపాయల మెడలు మడిచి రాఫియా దారంతో కట్టాలి. విక్టోరియా స్పాంజ్ మధ్యలో రాస్ప్‌బెర్రీ జామ్, పైన సన్న పంచదార, అంతే. క్రీమ్ పెట్టారో, మీ కేకు పక్కన 'ఎన్ ఏ ఎస్' అని రాసిన కార్డు వెలుస్తుంది. షెడ్యూల్ ప్రకారం లేదని దానర్థం. కేకు ఎంత రుచిగా ఉన్నా జడ్జి ముట్టుకోడు.

మనవాళ్లు పోటీ పడాల్సింది చట్నీ క్లాసులో. అక్కడ చట్నీ అంటే పళ్లో కూరగాయలో వెనిగర్, పంచదారలో ఉడికించి నెలల తరబడి ఊరబెట్టింది. నూనెలో తేలే ఆవకాయ పెడితే జడ్జి అయోమయంలో పడతాడు. షో సెక్రెటరీని ముందే అడగండి, 'ఇతర ఊరగాయలు' లాంటి క్లాసు ఉంటే అందులోకి పంపుతారు. నేను పచ్చి టొమాటోలతో ఇంగ్లిష్ పద్ధతిలోనే వండి, ఎండుమిర్చి మాత్రం మన లెక్కలో వేస్తాను. సీసా మచ్చలేకుండా ఉండాలి, మూత కొత్తది, లోపలివైపు వెనిగర్‌కి తుప్పు పట్టనిది కావాలి, ఏ కంపెనీ పేరూ కనబడకూడదు, లేబుల్ మీద చేసిన తేదీ ఉండాలి. జామ్ మీద వేసే మైనపు కాగితం చట్నీ మీద వేయకూడదు. పొద్దున్నే పెట్టి వచ్చేయాలి, తలుపులు మూస్తారు, మధ్యాహ్నం తెరిచాక వెళ్లి కార్డులు చూసుకోవాలి. నాకు ఒక ఏడాది మూడో బహుమతి వచ్చింది. ఆ వారమంతా అంతకుముందు తల మాత్రమే ఊపేవాళ్లు ఆపి మరీ కారం గురించి మాట్లాడారు. ఓడినవాళ్లతో కూడా అలాగే మాట్లాడతారు, ఇంకా ఎక్కువసేపు. ఉల్లిపాయలు పెంచేవాళ్లు మాత్రం ఎరువు సంగతి ఎవరికీ చెప్పరు.

నవంబర్‌లో రెండో ఆదివారం యుద్ధ స్మారకం దగ్గర ఊరంతా నిలబడుతుంది. పదకొండింటికి రెండు నిమిషాల మౌనం. ముదురు రంగు కోటు వేసుకోండి, పదిహేను నిమిషాల ముందే వెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. ఇది పరాయివాళ్ల కార్యక్రమం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో పది లక్షల మందికి పైగా భారతీయులు పనిచేశారు. తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరం నుంచి రెండు ప్రపంచయుద్ధాలకీ సైనికులు వెళ్లారు, దాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అనే అంటారు. ఆ సంగతి నేను స్మారకం దగ్గర టీ తాగుతూ చెప్తే బ్రిటిష్ లీజియన్ (మాజీ సైనికుల సంఘం) పెద్దాయన రాసి పెట్టమన్నాడు, అది తర్వాతి మ్యాగజైన్‌లో వచ్చింది.

ఊళ్లో పాత ఎర్ర టెలిఫోన్ బాక్సు ఉంటే ఒకసారి వెళ్లి లోపల చూడండి. బీటీ కంపెనీ 2008 నుంచి వీటిని ఒక్క పౌండుకి ఊళ్లకి ఇచ్చేస్తోంది. కొన్నిట్లో పుస్తకాలు పెట్టారు, చాలావాటిలో గుండె ఆగినప్పుడు వాడే డీఫిబ్రిలేటర్ ఉంది. డబ్బాకి తాళం ఉంటే 999కి ఫోన్ చేసినప్పుడు కోడ్ చెప్తారు. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

పబ్ మూతపడుతుందన్న మాట వినబడితే కంగారుపడకుండా కౌన్సిల్‌ని అడగండి, దాన్ని ఊరి ఉమ్మడి ఆస్తిగా నమోదు చేయించారా అని. 2011 లోకలిజం చట్టం ప్రకారం పారిష్ కౌన్సిల్ గానీ, కనీసం 21 మంది ఊరివాళ్ల బృందం గానీ అలా ప్రతిపాదించవచ్చు. నమోదై ఉంటే, యజమాని అమ్మకానికి పెట్టినప్పుడు ఊరు కొంటానని ముందుకొస్తే డబ్బు కూడగట్టుకోవడానికి ఆరు నెలల టైము దొరుకుతుంది. యజమాని ఊరికే అమ్మి తీరాలని మాత్రం లేదు.

ఓటు, ఆ తర్వాత సీటు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి ఇక్కడ ఓటు ఉండదనుకునేవాళ్లు చాలామంది. ఉంటుంది. కామన్‌వెల్త్ పౌరులై, వీసాతో చట్టబద్ధంగా ఉంటున్న 18 ఏళ్లు నిండినవాళ్లంతా పారిష్ నుంచి పార్లమెంటు దాకా అన్నిటికీ ఓటేయొచ్చు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవడానికి నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. పోలింగ్ రోజున ఫోటో గుర్తింపు చూపించాలి, మన భారతీయ పాస్‌పోర్టు చెల్లుతుంది.

కౌన్సిలర్‌గా నిలబడాలంటే మాత్రం మామూలు వీసా చాలదు, ఐఎల్ఆర్ (గడువు లేకుండా ఇక్కడ ఉండే అనుమతి) గానీ బ్రిటిష్ పౌరసత్వం గానీ ఉండాలి. పారిష్ కౌన్సిల్‌కి నాలుగేళ్లకోసారి మే నెల మొదటి గురువారం ఎన్నికలు. నిజానికి చాలా ఊళ్లలో ఉన్న సీట్లకి తగినంతమంది కూడా నిలబడరు, మధ్యలో ఎవరో ఒకరు మానేస్తూ ఉంటారు. అప్పుడు బోర్డు మీద ఖాళీ నోటీసు పెడతారు. పద్నాలుగు పనిదినాల్లో పదిమంది ఓటర్లు ఎన్నిక కావాలని అడగకపోతే, కౌన్సిలే ఎవరినైనా తీసుకోవచ్చు. దానికి మీరు చేయాల్సింది క్లర్క్‌కి అరపేజీ ఉత్తరం: ఈ ఊళ్లో ఎంతకాలంగా ఉంటున్నారు, ఏ పనులు చేశారు, ఏ విషయం మీద శ్రద్ధ ఉంది. అరపేజీ మించొద్దు. కప్పులు కడిగింది, టేబుళ్లు మోసింది అందులో తప్పకుండా రాయండి, డిగ్రీల కన్నా వాటికే విలువ. తీసుకుంటే, 28 రోజుల్లో మీ ఆర్థిక వివరాల ఫారం నింపాలి. మీ ఉద్యోగం, ఊళ్లో మీకున్న ఇల్లు, మీ భర్తదో భార్యదో ఉద్యోగం కూడా అందులో రాయాలి, అది వెబ్‌సైట్‌లో అందరికీ కనబడుతుంది. సంతకం పెట్టే ముందే ఇంట్లో మాట్లాడుకోండి.